దమ్ము చేలో కొంగలు: చలికాలపు నడకపై మీ ప్రశ్నలకు జవాబులు

మార్గశిరం వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం పక్షుల గురించే ఉంటాయి. ఈసారి మరీ ఎక్కువగా గోదావరి డెల్టా నుంచే వచ్చాయి: పాలకొల్లు, రాజోలు, భీమవరం, కాకినాడ, అమలాపురం పక్క ఊళ్ళు. నేను పుట్టి పెరిగిందీ, ఇప్పటికీ రోజూ పొద్దున్నే తిరిగేదీ ఆ గట్ల మీదే కాబట్టి ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. కొన్నిటికి పెద్ద జవాబు, కొన్నిటికి రెండు ముక్కలు, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఉండేది హైదరాబాద్‌లో. సంక్రాంతికి పది రోజులు వస్తాం. పిల్లలిద్దరి చేతా ఈసారి ఫోన్లు పక్కన పెట్టించి పక్షుల్ని చూపించాలని ఉంది. నాకే పట్టుమని పది పిట్టల పేర్లు తెలీవు. ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: ఎక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా, మీ ఊరి కాలువ గట్టు చాలు, పైగా మీరు వచ్చేది సరైన రోజుల్లోనే. సార్వా (వానాకాలపు వరి) కోతలు అయ్యాక చేలు ఆరిపోయి నెర్రెలిస్తాయి, ఆ తర్వాత దాళ్వాకి, అంటే రెండో పంటకి, మళ్ళీ నీళ్ళు పెడతారు. ఆ నీళ్ళు నెర్రెల్లోకి దిగగానే లోపల దాక్కున్న పురుగులు, ఎర్రలు, కప్పలు, చిన్న చిన్న ఎండ్రకాయలు అన్నీ ఒక్కసారిగా పైకొస్తాయి. ఆ మీదట ట్రాక్టరు దిగి దమ్ము చేస్తుంది కదా, అదే, నీళ్ళున్న చేనుని దున్ని బురద చేస్తుంది, కొంగలకి అంతకు మించిన పండగ లేదు. అందుకే నేను నడకకి బయల్దేరే ముందు రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒకటే అడుగుతాను: రేపు ఎవరి చేలో దమ్ము? సంక్రాంతికి అటూ ఇటూగా మనవైపు ఏ ఊళ్ళోనైనా ఎవరో ఒకరిది ఉంటుంది.

పొద్దున ఆరున్నరకల్లా గట్టు మీద ఉండండి. జనవరిలో సూర్యోదయం దాదాపు అప్పుడే అయినా, మంచు బాగా పట్టేసిన రోజున ఏడున్నర దాకా పక్క గట్టు కూడా కనపడదు. ఆ గంట వేస్ట్ అనుకోకండి, పిల్లల్ని మాట్లాడకుండా నిలబడి వినమనండి. కొబ్బరి తోటలోంచి గుప్ గుప్ గుప్ అని కడుపులోంచి వస్తున్నట్టు వినపడేది జెముడుకాకి. కాలువ మీదుగా పెద్దగా కిలకిలమని అరుచుకుంటూ పోయేది లకుముకి పిట్ట. ఇంకా చీకటి విడవకముందే తీగ మీద కూర్చుని రకరకాల కూతలు మొదలుపెట్టేది ఏట్రింత, అదే నల్లగా, తోక చివర రెండుగా చీలి ఉంటుంది, కొన్ని ఊళ్ళలో పసులపోలిగాడు అంటారు. ఈ మూడు గొంతులు గుర్తుపడితే మొదటి రోజుకి చాలు.

మంచు విడిచాక దమ్ము చేను దగ్గరికి వెళ్ళి, ట్రాక్టరు దారికి అడ్డం రాకుండా పక్క గట్టు మీద పది నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదట దగ్గర్లో ఉన్నవి లేచి అవతల వాలతాయి. ఐదు నిమిషాలు పోయాక మీరు గట్టు మీది తుమ్మ మొద్దు లాంటివాళ్ళే వాటికి, వాటి పని అవి చూసుకుంటాయి. అప్పుడు పిల్లలకి కాళ్ళు చూడమని చెప్పండి. దూరం నుంచి అన్నీ ఒకే తెల్ల కొంగల్లా ఉంటాయి గానీ, పసుపు పచ్చ ముక్కుతో, కురచ మెడతో, ట్రాక్టరు చక్రాల వెనకే పరుగులు పెట్టేవి పశువుల కొంగలు. వాటి మధ్య కాస్త సన్నగా, నల్ల ముక్కుతో ఒకటి నిదానంగా అడుగులేస్తూ ఉంటుంది. దాని కాళ్ళు నల్లగా ఉంటాయి, పాదాలు మాత్రం పేరంటానికి పసుపు రాసుకున్నట్టు పచ్చగా ఉంటాయి. అది చిన్న తెల్ల కొంగ. ఆ పచ్చటి పాదాన్ని నీళ్ళలో పెట్టి గబగబా వణికిస్తుంది, అడుగున దాక్కున్న చేపపిల్ల అదిరి కదులుతుంది, అంతే, టక్కున అందుకుంటుంది. నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఆ పాదం వణకడం మొదలవగానే ఊపిరి బిగపట్టి నిలబడిపోతాను.

పేర్లు తెలీవని టెన్షన్ పడకండి. ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. ఒకరు లెక్కపెడతారు, ఇంకొకరు బొమ్మ గీస్తారు. ముక్కు రంగు, కాళ్ళ రంగు, ఏం తింటోంది, ఒంటరిగా ఉందా గుంపులో ఉందా, ఈ నాలుగూ రాసుకుంటే ఇంటికి వచ్చి పేరు వెతుక్కోవడం తేలిక. ఫోను పూర్తిగా మానిపించాలని లేకపోతే మెర్లిన్ అనే యాప్ ఉంది, కూత వినిపిస్తే ఏ పిట్టో చెబుతుంది, చాలాసార్లు కరెక్టే చెబుతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: నారుమడి అంచున కాలు పెట్టనివ్వకండి. రైతు కనపడితే ముందు పలకరించండి. మా వైపు ఏ రైతూ పిల్లలు పక్షుల్ని చూస్తామంటే వద్దనడు, నారు తొక్కితే మాత్రం ఊరుకోడు, అది న్యాయం కూడా.

ప్రశ్న: మా చేలో గుంపుగా పెద్ద కొంగలు దిగాయి. బూడిద కలిసిన తెలుపు, రెక్కల అంచులు నలుపు. ఒకదాని ముక్కు మధ్యలో విరిగి సందు పడినట్టు ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకుని చూస్తే అన్నిటికీ అలాగే ఉంది! ఏదన్నా జబ్బా? (అమలాపురం దగ్గర నుంచి ఒక రైతు)

జవాబు: జబ్బు కాదండీ, దాని పుట్టుకే అంత. అది నత్తగుల్ల కొంగ. పిల్లగా ఉన్నప్పుడు ముక్కు మామూలుగానే ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఏర్పడుతుంది. ఆ సందులో పెట్టి నత్తని అడకత్తెరలో పోకచెక్కలా పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఒక జనవరిలో మా మురుగు కాలువ గట్టు మీద నత్తగుల్లల కుప్ప కనపడింది, నలభై దాకా ఉంటాయి, ఒక్కో గుల్లే చేతిలోకి తీసుకుని చూశాను. చాలావాటికి చిన్న పగులు కూడా లేదు. లోపల మాత్రం ఖాళీ. అది చేసే పని ఏమిటంటే, గుల్లని నేలకి అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు కొనని మూత పక్కనుంచి లోపలికి పోనిచ్చి, నత్తని గుల్లకి పట్టి ఉంచే కండరాన్ని కోసేస్తుంది. అప్పుడు మాంసం మొత్తం ఒకే ముక్కగా బయటికొచ్చేస్తుంది. ఇదంతా చాలాసార్లు బురద నీళ్ళ అడుగున, కంటికి కనపడకుండా, ముక్కు స్పర్శతోనే జరిగిపోతుంది.

మీరు రైతు కాబట్టి ఇంకో మాట. ఆ గుంపు మీ చేలో ఉన్నన్నాళ్ళూ నత్తల సంగతి అవే చూసుకుంటాయి, వాటిని అదిలించకండి. నాటు వేసిన మొదటి వారం మొక్కలు తొక్కుతాయని భయం ఉంటుంది, నిజమే, ఒకటీ అరా ఒరుగుతాయి. అవి తీసేసే నత్తలతో పోలిస్తే నాకు అది నష్టంలా అనిపించదు.

ప్రశ్న: చలికాలం మొదట్లో మా బడి ఆవరణలోకి పసుపు పొట్ట, బూడిద వీపు ఉన్న చిన్న పిట్టలు వస్తాయి, నేల మీద పరిగెడుతూ తోక పైకీ కిందకీ ఊపుతూనే ఉంటాయి. ఏప్రిల్ దాటాక ఒక్కటీ ఉండదు. పిల్లలు ఎక్కడికి పోయాయని అడుగుతున్నారు. (రాజోలు వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీ పిల్లలు అడిగింది చాలా మంచి ప్రశ్న. ఆ తోక ఊపే పిట్టల్లో మనవైపు వచ్చేవి మూడు నాలుగు రకాలున్నాయి. వేసవిలో అవి హిమాలయాల్లో, వాటికి అవతల మధ్య ఆసియా, సైబీరియా నేలల్లో గూళ్ళు పెట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. అక్కడ చలికాలం నేల గడ్డకట్టి, మంచు కప్పేసి, పురుగన్నది దొరకదు. చలికి భయపడి వస్తాయనుకుంటాం గానీ వాటిని కదిలించేది ముఖ్యంగా ఆకలి. ఒక్కో పిట్ట బరువు ఇరవై గ్రాములు, ఇంకా తక్కువే. పిల్లల చేతిలో నాలుగు రూపాయి బిళ్ళలు పెట్టి, ఇంచుమించు ఇంత బరువున్న ప్రాణి అంత దూరం నుంచి మన బడికి వచ్చిందని చెప్పండి, వాళ్ళ మొహాలు చూడండి.

బడి దారిలో సాయంత్రం కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చునే, తోక చీలిన చిన్న పిట్టలు కూడా చాలావరకు అలా వచ్చినవే. కొల్లేరు, కోరింగ వైపు నీళ్ళలో దిగే పరజలనే వలస బాతులూ అంతే, సూదిలా తోక ఉన్న బాతులూ అంతే. ఇంత దూరం ఎగిరొచ్చిన పరజని పట్టి దొంగచాటుగా అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, జైలు కూడా పడుతుంది. చట్టం సంగతి అలా ఉంచి, పండక్కి వచ్చిన అల్లుడికి స్పెషల్‌గా ఉంటుందని ఆ మాంసం కోసం కబురు పెట్టే పెద్దమనుషుల్ని నేను కళ్ళారా చూశాను, అది నాకు చాలా బాధ. మీ బడి పిల్లలు ఇళ్ళకి వెళ్ళి ఒక్క మాట చెబితే పెద్దవాళ్ళు మానేస్తారు, మనం చెబితే మానరు.

ప్రశ్న: రాత్రిపూట మా ఇంటి వెనక చేలో తీతువు పిట్ట అరుస్తోంది. మా అత్తగారు ఊళ్ళో ఎవరో పోతారని దిగులు పెట్టుకుంటున్నారు. నిజంగా ఏమైనా ఉందంటారా? (భీమవరం నుంచి ఒక గృహిణి)

జవాబు: మీ అత్తగారిని తప్పు పట్టను, మా నాయనమ్మ కూడా తీతువు అరిస్తే నీళ్ళు వాకిట్లో చల్లేది. కానీ ఆ పిట్ట ఎందుకు అరుస్తుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఆ భయం పోతుంది. అది చెట్టెక్కదు, నేల మీదే ఉంటుంది, గుడ్లు కూడా నేల మీదే పెడుతుంది. నక్క, కుక్క, ముంగిస, పిల్లి, మనిషి, ఎవరు ఆ వైపు అడుగు పెట్టినా దానికి ప్రమాదమే, అందుకే రాత్రి కూడా పూర్తిగా కన్ను మూయదు. చేలో ఏదైనా కదిలితే తీతీతువ్ తీతీతువ్ అని గోల పెట్టి లేస్తుంది. రాత్రిళ్ళు మనిషి చేలకి అడ్డంపడి నడిచేది ఎప్పుడు? ఇంట్లో ఎవరికో బాగోనప్పుడు, డాక్టరు కోసమో, కబురు చెప్పడానికో. అలా నడిచేవాళ్ళని చూసి అరిచిన పిట్టకి, మర్నాడు వచ్చిన చావు కబురికి మనవాళ్ళు ముడి పెట్టారని నా ఊహ. పొద్దున మీ అత్తగారిని గట్టు దాకా తీసుకెళ్ళి ఆ పిట్టని చూపించండి: పసుపు పచ్చటి పొడుగు కాళ్ళు, నల్లటి రొమ్ము, కంటి ముందు ఎర్రటి తోలు ముక్క. అంత అందమైన దాన్ని పట్టపగలు చూశాక రాత్రి కూత అంత భయం వేయదు.

గుడ్లగూబలూ, పైడికంట్లూ అంతే. డెల్టాలో వరికి ఎలుకల బాధ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. చేలో అక్కడక్కడా అడ్డకర్ర కట్టిన గెడలు పాతితే పగలు ఏట్రింతలు పురుగుల కోసం, రాత్రి గుడ్లగూబలు ఎలుకల కోసం వాటి మీద కూర్చుంటాయి, వ్యవసాయ శాఖవాళ్ళు చెప్పే పద్ధతే ఇది. దాన్ని అపశకునమని రాళ్ళేసి తోలేస్తే లాభపడేది ఎలుకే.

ప్రశ్న: నాకు ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది. కొంగలు, నీటికాకులు రొయ్యల్ని ఎత్తుకుపోతున్నాయి, పక్క చెరువులోంచి వైరస్ కూడా మోసుకొస్తాయంటున్నారు. పైన నైలాన్ దారాలు కట్టాను, వాటిలో పక్షులు చిక్కుకుని చచ్చిపోతున్నాయి. మనసు ఒప్పడం లేదు, అలాగని వదిలేస్తే అప్పులు. ఏం చేయమంటారు? (ఊరి పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: మీరు ఈ ప్రశ్న అడిగారంటేనే సగం పని అయిపోయింది. మీ భయం అబద్ధం కాదు. జబ్బు పడిన రొయ్య నీళ్ళ పైకి వచ్చి తేలుతుంది, కాకి దాన్ని నోట కరుచుకుని పోతూ పోతూ పక్క చెరువులో జారవిడిస్తే తెల్లమచ్చ జబ్బు అంటుకోవచ్చు. అందుకే చెరువు మీద దారాలు కట్టమని అధికారులే చెబుతారు. గొడవంతా దారంతో. కంటికి కనపడని సన్నటి నైలాన్ దారం ఎగిరే పక్షికి కత్తితో సమానం.

కిందటేడు జనవరిలో నడుస్తుండగా ఒక చెరువు మూల మీద తెల్ల కొంగ ఒకటి తలకిందులుగా వేలాడుతూ కనపడింది. దారం రెక్క మొదట్లో చర్మాన్ని కోసి ఎముక దాకా దిగిపోయింది. కాపలా కుర్రాడు, నేనూ కలిసి దించాం. తువ్వాలు తల మీద కప్పగానే కొట్టుకోవడం ఆపేసింది. చేతి కింద దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, అది ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది. బ్లేడుతో దారం కోశాం గానీ రెక్క పోయింది, సాయంత్రానికి అదీ పోయింది.

కాబట్టి ఇలా చేయండి. సన్న దారం తీసేసి, లావుగా, తెల్లగానో పచ్చగానో దూరానికి కనపడే తాడు కట్టండి. రెండు మూడు అడుగులకొకటి మెరిసే రిబ్బను ముక్క ముడి వేయండి, గాలికి ఊగుతుంటే పక్షి ముందే పక్కకి తప్పుకుంటుంది. వదులుగా వేలాడే దారమే ఎక్కువ చంపుతుంది, బిగించి కట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చుట్టూ తిరిగి చూడమని కాపలా మనిషికి చెప్పండి, పంట అయ్యాక తాళ్ళు తీసి చుట్టి పెట్టండి, ఖాళీ చెరువు మీద వదిలేయకండి. తేలిన రొయ్యల్ని ఎప్పటికప్పుడు ఏరి సున్నం వేసి పూడ్చేస్తే కాకులు వచ్చే పనే తగ్గుతుంది. ఏదైనా పక్షి చిక్కితే ముందు తల మీద గుడ్డ కప్పండి, కొంగ ముక్కు మీ మొహానికి దూరంగా ఉండేలా పట్టుకోండి, ఎందుకంటే అది భయంతో పొడిచేది సరిగ్గా కళ్ళల్లోనే.

ప్రశ్న: కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి రెండుసార్లు వెళ్ళాం. చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఎప్పుడు వెళితే జంతువులు, పక్షులు కనపడతాయి? (కాకినాడ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: మీరు బహుశా పోటు మీద, అంటే సముద్రపు నీళ్ళు పైకెక్కినప్పుడు వెళ్ళి ఉంటారు. కోరింగ 1978లో అభయారణ్యం అయింది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు, కానీ అక్కడ గడియారం మన చేతికున్నది కాదు, సముద్రానిది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు (నీళ్ళు దిగడం), అవి రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటాయి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు బురద మొత్తం మునిగిపోతుంది, పక్షులకి తిండి ఉండదు, ఎక్కడో దూరాన ఇసుక మీద కునుకు తీస్తుంటాయి. నీళ్ళు దిగడం మొదలైన గంటా రెండు గంటలకి వెళ్ళండి. అమావాస్య, పున్నమి రోజుల్లో పాటు బాగా లోతుకి దిగుతుంది, బురద ఎక్కువ బయటపడుతుంది. పోటు టైము మన జాలర్లని అడిగితే వేళ్ళ మీద లెక్కేసి చెప్పేస్తారు.

చెక్క వంతెన మీద నడుస్తూ ముందు కిందకి చూడండి. బురదలో గెంతే చేపలు, తల మీద కనుగుడ్లు పెట్టుకుని, రొమ్ము రెక్కల మీద పాకుతూ ఉంటాయి. పక్కనే చిన్న చిన్న పీతలు, మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించిన సైజులో ఉంటుంది, దాన్ని రా రమ్మన్నట్టు ఊపుతుంటాయి. వీటి కోసమే ఉల్లంకులు, లకుముకులు, నారాయణ పక్షులు వచ్చేది. నీటికుక్కలు అదృష్టం ఉంటే కనపడతాయి, గుంపుగా ఈదుతూ మధ్యమధ్యలో తలలెత్తి చూస్తాయి.

బావురు పిల్లి కనపడలేదని నిరాశపడకండి. కోరింగకి పేరు తెచ్చింది అదే గానీ ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు, ఏళ్ళ తరబడి వెళ్ళేవాళ్ళకి కూడా అరుదు. దాని అడుగులు మాత్రం మెత్తటి బురదలో పొద్దున్నే దొరుకుతాయి. మామూలుగా పిల్లి జాతి అడుగుల్లో గోళ్ళ గుర్తులు పడవు, బావురు పిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి ఒక్కోసారి పడతాయి. వేళ్ళ మధ్య కొంచెం పొర కూడా ఉంటుంది, చేపల వేట కదా మరి. ఆ అడుగు పక్కన మీ అరచెయ్యి పెట్టి ఫొటో తీసుకోండి.

పడవ దొరికి కాకినాడ ఉప్పుటేరు దాటి హోప్ ఐలాండ్ వైపు వెళ్ళగలిగితే ఇసుక తిన్నెల మీద నల్ల తల, నారింజ ముక్కు ఉన్న పక్షుల గుంపు కోసం చూడండి, ఇంగ్లీషులో ఇండియన్ స్కిమ్మర్ అంటారు. ఆ పక్షి కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగు. ఎగురుతూనే కింది ముక్కుతో నీటిని గీత గీసినట్టు చీలుస్తూ పోతుంది, చేప తగలగానే నోరు మూస్తుంది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న పక్షి, మన కాకినాడ తీరానికి చలికాలంలో వస్తుంది. దూరం నుంచి చూడండి, పడవని వాటి మీదకి పోనివ్వమని ఎవరైనా ఉత్సాహపడితే వద్దని చెప్పండి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టేది కూడా ఆ ఇసుకలోనే, రాత్రిపూట అటు టార్చి లైట్లు వేయకూడదు.

ప్రశ్న: కొల్లేరులో గూడబాతుల్ని (పెలికాన్లని) చూడాలంటే? (ఏలూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కైకలూరు పక్కనే ఆటపాక వెళ్ళు, నవంబరు నుంచి మార్చి లోపు, పొద్దున ఎండ ఎక్కకముందు. గూళ్ళు, పిల్లలు, గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటున్న పిల్లలు, అన్నీ అక్కడ దగ్గరగా కనపడతాయి. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు అప్పటి పశ్చిమ గోదావరిలోని ఆరేడు అనే ఊళ్ళో, మనుషుల ఇళ్ళ మధ్యే గూడబాతులు గూళ్ళు పెట్టుకుని ఉండగా చూసి రాశాడు. తర్వాత అవి ఆ ఊరు వదిలిపోయాయి. ఆటపాకలో మళ్ళీ గూడు కట్టుకున్నాయంటే అది చిన్న విషయం కాదు, వెళ్ళినప్పుడు అది గుర్తు పెట్టుకుని చూడు.

ప్రశ్న: గట్ల మీద పాములంటే భయం. నడకకి వెళ్ళొచ్చా? (తణుకు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వెళ్ళొచ్చు. మడమ పైకి వచ్చే బూట్లు, చేతిలో కర్ర, వెలుతురు చాలకపోతే టార్చి ఉండాలి. గడ్డి మేటులో, వరి పనల కింద చెయ్యి పెట్టకండి, కోతల రోజుల్లో రక్తపింజర ఉండేది అక్కడే. ఎక్కువసార్లు మీకు కనపడేది నీటిపామో జెర్రిపోతో అవుతుంది, వాటికి విషం లేదు. ఒకవేళ కాటు పడితే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో లాగొద్దు, పసరు మందు అస్సలు వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళిపోవడమే.

ప్రశ్న: బైనాక్యులర్ ఏది కొనాలి? (ఇద్దరు ముగ్గురు అడిగారు)

జవాబు: 8 బై 42 అని రాసి ఉన్నది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో, మంచు పొద్దుల్లో ఆ వెలుతురు అవసరం. పిల్లలకైతే 8 బై 30, తేలిగ్గా ఉంటుంది. ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని ఊరించేవి కొనకండి, చెయ్యి వణికితే ఏమీ కనపడదు.

ప్రశ్న: మా తాతగారు కోతలప్పుడు వరి కంకులతో కుచ్చులు అల్లి చూరుకి కట్టేవారు. ఇప్పుడు డాబా ఇల్లు, పిచ్చుకలు రావు. కడితే వస్తాయా? (మండపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కట్టండి, కానీ కుచ్చు ఒక్కటే చాలదు. పెంకుల సందుల్లో గూడు పెట్టుకునేది పిచ్చుక, డాబాకి ఆ సందు లేదు. చిన్న చెక్క పెట్టె, పిచ్చుక మాత్రమే దూరేంత కన్నంతో, పిల్లి అందనంత ఎత్తున గోడకి బిగించండి. పిల్లలకి అవి పెట్టేది ఎక్కువగా పురుగులు కాబట్టి పెరట్లో నాలుగు మొక్కలకి మందు కొట్టకుండా వదలండి. మా ఇంట్లో పెట్టె కట్టాక పిచ్చుకలు రావడానికి రెండేళ్ళు పట్టింది.

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్ళు. మా బడి దారిలో తీగ మీద మట్టి రంగు పిట్ట ఒకటే కూర్చుంటుంది. ఎగిరితే మొత్తం నీలంగా అయిపోతుంది. అలా రంగు మారే పిట్టలు ఇంకా ఉన్నాయా? (ముమ్మిడివరం దగ్గర నుంచి ఒక పాప)

జవాబు: తల్లీ, నువ్వు చూసింది పాలపిట్ట! దసరాకి అందరూ వెతుక్కునే పిట్ట నీకు రోజూ బడి దారిలో కనపడుతోంది. దాని రంగు మారదు, నీలం అంతా రెక్కల్లో దాచుకుంటుంది. కూర్చున్నప్పుడు రెక్క మడత పెడితే వీపు మట్టి రంగే పైకి ఉంటుంది, రెక్క విప్పగానే లేత నీలం, ముదురు నీలం పట్టీలు పట్టీలుగా కనపడతాయి. మీ అమ్మ చీర మడత పెట్టినప్పుడు కొంగు లోపలికి పోతుంది కదా, అలాగ.

ఇంకోటి ఉంది. మీ ఊరి బోదె (పిల్ల కాలువ) పక్కన మెడ లోపలికి లాక్కుని, గట్టు మట్టిలో కలిసిపోయి ఒక కొంగ నిలబడి ఉంటుంది, దాని పేరు గుడ్డి కొంగ. కళ్ళు బాగానే కనపడతాయి దానికి. నువ్వు రెండు మూడు అడుగుల దూరం దాకా వెళ్ళినా కదలదు కాబట్టి, పాపం గుడ్డిదేమో అనుకుని అలా పిలిచారు. అది లేచిందంటే ఒక్కసారిగా తెల్లగా అయిపోతుంది, ఎందుకంటే రెక్కలు రెండూ తెలుపే, కూర్చున్నప్పుడు వీపు ఈకల కింద దాగుంటాయి. మళ్ళీ వాలగానే మట్టిలో మాయం. రేపు బడికి వెళ్ళేటప్పుడు తీగ మీద పాలపిట్టలు ఎన్ని, బోదె పక్కన గుడ్డి కొంగలు ఎన్ని లెక్కపెట్టి, అవి ఏం తింటున్నాయో చూసి నాకు మళ్ళీ ఉత్తరం రాయి. బొమ్మ కూడా గీసి పంపితే వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాను.